మా గల్లీల కట్టేసిన సైతాన్

దేవుని సంగతులు నాకు నేర్పింది మా దాది, అంటే మా అబ్బాను కన్న తల్లి. అబ్బాకు తీరిక లేకుండె. ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద ఆయనది మోటర్ వైండింగ్ దుకాణం. ఎండకాలం వచ్చిందంటే చుట్టుపక్కల ఊర్ల బోరు మోటర్లన్నీ కాలిపోయి ఆయన ముందట వరుసగ పండుకుంటుండె. అమ్మీ ఇంట్లనే జాకెట్లు కుడుతుండె. మిషన్ మీద కూసున్నప్పుడు ఏమడిగినా "దాదిని అడుగు" అంటుండె. ఆకలైతున్నదన్నా గదే మాట.

దాది చిన్నప్పుడు అరబ్బీ చదవ నేర్చుకున్నది కని, బడి మొఖం చూడలే. పెండ్లయినంక చాన ఏండ్లు పొలాలల్ల నాట్లేసింది, కలుపు తీసింది. అందుకే ఆమె చెప్పే దీన్ల, అంటే మతం సంగతులల్ల, బర్లు, మేకలు, వరి మడులు మస్తుగ ఉంటుండె. ఒకసారి జన్నత్, అంటే స్వర్గం, ఎట్లుంటదని అడిగితే, అక్కడ కాలువలు వాటంతట అవే పారుతయి, మోటర్ల పనే ఉండదని చెప్పింది. మోటర్లు లేకుంటే మరి మా అబ్బా అక్కడ ఏం పని చేస్తడని అడిగిన. దాది చానసేపు ఆలోచించి, ఊకనే కూసుంటడన్నది. మిషన్ కాడి నుంచి అమ్మీ, ఆ పని ఇప్పటికే ప్రతి ఆదివారం నేర్చుకుంటుండని అందుకున్నది.

నేను రెండో తరగతి అయిపోయి మూడుకు పోయే సెలవులల్ల రంజాన్ వచ్చింది. మంచి ఎండకాలం. నెలవంక కనపడ్డ సాయంత్రం దాది నన్ను దగ్గర కూసోబెట్టుకొని ఆ నెల గొప్పతనం చెప్పింది. ఈ నెలల జన్నత్ తలుపులు తెరుస్తరు, జహన్నుం, అంటే నరకం, తలుపులు మూస్తరు, సైతాన్లను గొలుసులు పెట్టి కట్టేస్తరు అని. మొదటి రెండు ముచ్చట్లు నేను సరిగ్గ వినలే. మూడోది మాత్రం నా బుర్రల కూసున్నది.

కట్టేసేది ఎవరని అడిగిన. ఫరిష్తాలు, అంటే దేవదూతలు అన్నది. గొలుసు ఎంత లావుంటది, బర్రెను కట్టేసేటంతనా అని అడిగిన. అంతకన్న లావు అన్నది. ఎక్కడ కట్టేస్తరు, నీడకా ఎండకా, తిండి ఎవరు పెడ్తరు అని అడిగిన. అక్కడికి దాది ఓపిక అయిపోయింది. అది అల్లాకే ఎరుక, నువ్వు సబక్ చదువు అన్నది. ఆమెకు జవాబు తెలిసిన ప్రశ్నలు జవాబుతోటి అయిపోతుండె, తెలియనివి నా చదువుతోటి అయిపోతుండె.

తెల్లారి మొదటి రోజా, అంటే ఉపవాసం. పిల్లలకు పొద్దుగాల నుంచి పగటీలి అన్నం దాక ఉంటే చాలని ఇంట్ల ఒప్పందం. అంతసేపు కూడ నాతోటి కాలే. ఇఫ్తార్‌కని అమ్మీ కోసి పెట్టిన మామిడిపండు ముక్కలు వంటింట్ల ఉన్నయి. తినలే, ఊకె వేలు ముంచి నాకుతున్న. దాది వచ్చి చూసింది. మా ఇంట్ల ఏ గ్లాసు పగిలినా, ఎవరితోటి కొట్లాట అయినా చెప్పుకోనీకి ఒక మాట ఉంటుండె. సైతాన్ చేయించిండు అనుడు. ఆ మాట అంటే దాది సగం కోపం తగ్గించుకుంటుండె. నేను ఎప్పటితీరు గదే అన్న.

"సైతాన్‌ను నిన్ననే కట్టేసిన్రు. ఇది నీ సొంత తెలివి," అన్నది దాది.

అప్పటిదాక నేను చేసిన తప్పు పనులల్ల నాకొక తోడున్నడని ధైర్యంగ ఉంటుండె. ఆ పొద్దు వంటింట్ల వేలు నోట్ల పెట్టుకొని నిలబడితే, దునియాల నా అంత ఒంటరి ఎవరూ లేరనిపించింది.

కని ఆ మాట నాకు పూర్తిగ నమ్మబుద్ధి కాలే. మాకొక మేక ఉండె. దాన్ని గుంజకు కట్టేసినా, తాడు ఎంత పొడుగుంటే అంత దూరం పోయి దొరికింది తింటుండె. అట్లనే సైతాన్‌ను కట్టేసిన మాట నిజమే, కని గొలుసు పొడుగుంటది, అది మా వంటింటి దాక అందుతున్నది అనుకున్న. అట్లయితే ఆయన్ను కట్టేసిన జాగ ఎక్కడో మా ఇంటి దగ్గర్లనే ఉండాలె. నేను ఆ జాగ కోసం వెతుకుడు మొదలువెట్టిన.

ఎక్కువ వెతికే పని పడలే. మరుసటి సాయంత్రం షర్బత్‌లకు ఐసుగడ్డ తెమ్మని అమ్మీ నన్ను దుకాణానికి తోలింది. మా గల్లీ చివర్ల సగం కట్టి విడిచిపెట్టిన ఇల్లొకటి ఉంటుండె. ఎవరో పట్నపోళ్లు ప్లాటు కొనుక్కొని స్లాబు దాక లేపిన్రు. తలుపులు లేవు, కిటికీలు లేవు, ముందట మాత్రం పెద్ద ఇనుప రేకుల గేటు. అందుల ఎవరూ ఉండరని మాకందరికీ తెలుసు. ఐసుగడ్డ పట్టుకొని మర్లి వస్తున్న నేను ఆ గేటు ముందటికి వచ్చేసరికి లోపల గొలుసు గల్లుమన్నది. నిలబడ్డ. మళ్ల గల్లుమన్నది. ఆ వెనక బుస్సుమని చప్పుడు, పెద్ద జంతువు ఏదో ముక్కుతోటి గాలి విడిచినట్టు. నేను ఇంటికొచ్చేసరికి చేతుల ఐసుగడ్డ సగమే మిగిలింది. ఎండకు కరిగిందని అమ్మీ అనుకున్నది.

భయమైంది నిజమే. కని ఆ రాత్రి పండుకున్నప్పుడు భయం కన్న గర్వం ఎక్కువైంది. ఏటా బాలాపూర్‌ల గణేశుని లడ్డూ వేలం టీవీల చూపిస్తరు. తుక్కుగూడకు ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. శేరిగూడకు ఇంజనీరింగు కాలేజీలు వచ్చినయి. మా గల్లీకి ఏమున్నదని మా క్లాసు పిల్లలు నన్ను అడుగుతుండె. ఇప్పుడు దునియా మొత్తం గాలించి ఫరిష్తాలు సైతాన్‌ను కట్టేయనీకి మా గల్లీని ఎంచుకున్నరు. ఈ సంగతి ఎవరికన్న చెప్పాలని నోరు దురద పెట్టింది.

చెప్పకపోవడానికి కారణం కూడ దాదినే. ఆ వారమే ఆమె దానధర్మాల పాఠం మొదలుపెట్టింది. ఆకలిగొన్నోళ్లకు అన్నం పెడితే రంజాన్ నెలల ఎన్నో ఇంతల పుణ్యం, కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియొద్దు, చాటింపు వేసుకుంటే ఆ పుణ్యం గాలికి పోతది అని. నాకు గేటు లోపల ఉన్నాయన యాదికొచ్చిండు. నెల మొత్తం కట్టేస్తే తిండి ఎట్ల?

కట్టేసి పెట్టినోళ్లకు పెడితే కూడ పుణ్యమేనా అని దాదిని అడిగిన. వాళ్లకు పెడితే ఇంకా ఎక్కువ, వాళ్లు పోయి తెచ్చుకోలేరు గద అన్నది. చెడ్డోళ్లయితే? ఆకలికి మంచీ చెడూ లేదన్నది. చాన చాన చెడ్డోళ్లయితే? దాది చేతిల తస్బీ దండ తిప్పుడు ఆపి నా దిక్కు చూసింది.

"ఎవరు, మీ పెద్ద ఫూఫానా?" అని అడిగింది. ఫూఫా అంటే మా మేనత్త మొగడు. దాదికి ఆయనతోటి పాత పంచాయితి ఉండె.

ఆయన కాదన్న. దాది నిమ్మళంగ, అయితే పెట్టు, ఎవరికీ చెప్పకు అన్నది. ఆమె ఏ కుక్కనో దూడనో అనుకున్నదని నాకు తర్వాత తెలిసింది. నాకైతే పూర్తి ఇజాజత్ దొరికినట్టే.

ఆ దినం నుంచి నా పని షురువైంది. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయినంక మేము ఖజూర్ పండ్లు తిని, నీళ్లు తాగి రోజా విడుస్తుంటిమి. అబ్బా మసీదుకు పోతుండె, దాది, అమ్మీ లోపల నమాజ్‌కు నిలబడుతుండె. అప్పుడు నేను ఒక స్టీలు గిన్నెల రెండు ఖజూర్లు, నా వంతు ఉల్లిగడ్డ పకోడీలు, పిరికెడు ఉడకపెట్టిన శెనిగ గుడాలు వేసుకొని, పైన రుమాలు కప్పి, గేటు కింది సందు నుంచి లోపలికి నూకి ఉరుకుతుండె. తెల్లారి ఎండ రాకముందు పోయి గిన్నె తెచ్చుకుంటుండె.

మొదటి దినం గిన్నె చూసి నేను పరేషాన్ అయిన. పకోడీలు లేవు. ఖజూర్లు లేవు. గింజలు రెండు గేటు పక్కన ఇటుక మీద సక్కగ పెట్టి ఉన్నయి. గుడాలు మాత్రం ముట్టలే, అవి ఒక కాగితం మీద పిట్టలకు పోసినట్టు పోసి ఉన్నయి. అన్నిటికన్న వింత, గిన్నె కడిగి బోర్లేసి ఉన్నది. రుమాలు మడత పెట్టి దాని మీద ఉన్నది. మా ఇంట్ల అబ్బా కూడ తిన్న పళ్లెం కడగడు. సైతాన్ కడుగుతడని నేను అనుకోలే. ఇంత పద్ధతి ఉన్నాయన్ను ఎందుకు కట్టేసిన్రో అని కూడ ఒకసారి అనిపించింది, అట్ల అనుకున్నందుకు లెంపలేసుకున్న.

రోజూ గట్లనే జరిగింది. ఆయనకు పకోడీలంటే ప్రాణమని, గుడాలంటే పడదని నాకు తెలిసిపోయింది. గుడాలు బంద్ చేసి పకోడీలు పెంచిన. దాని కోసం దాది వంతుల నుంచి కూడ తీస్తుండె. ఏందే, ఇన్ని తింటున్నవ్ అని అమ్మీ అడిగితే, నువ్వు మంచిగ చేస్తున్నవ్ అన్న. అది విని అమ్మీ ఇంకొన్ని వేసింది.

నెల సగం దాటినంక ఒక సాయంత్రం నేను గిన్నె నూకి ఉరకకుండ జర పక్కకు నక్కి చూసిన. లోపల నుంచి ఒక చెయ్యి వచ్చి గిన్నెను గుంజుకున్నది. మామూలు చెయ్యే, జర వెంట్రుకలున్నయి. కని ఆ చేతికి గడియారం ఉన్నది. సైతాన్‌కు గడియారం ఎందుకు? తొందరగనే అర్థమైంది. టైం చూసుకుంటుండు. నెల ఎప్పుడు అయిపోతదా, ఎప్పుడు విడుస్తరా అని ఎదురు చూస్తుండు. విడిచిన్రంటే మొట్టమొదలు వచ్చేది మా ఇంటికే, ఎందుకంటే ఆయనకు మా పకోడీల రుచి మరిగింది, అది మరిపింది నేనే.

ఇగ ఆయనతోటి ముందే మాట్లాడి ఒప్పందం చేసుకోవాలని నిర్ణయం చేసుకున్న. రెండు మూడు దినాలు ధైర్యం కూడగట్టుకొని, ఒకనాడు గిన్నె నూకినంక అక్కడనే నిలబడ్డ. లోపల ఏదో మోటర్ గుర్రుమంటున్నది, బుస్సుమనే చప్పుడు కూడ ఉన్నది. నేను కండ్లు గట్టిగ మూసుకొని, ఒక్క గుక్కల అన్న:

"మా ఉప్పు తిన్నవ్ గద, పండుగ అయినంక మా ఇంటికి రాకు."

మోటర్ చప్పుడు జర తగ్గింది. లోపల నుంచి ఒక గొంతు, ఖాళీ గోడలకు తాకి గుమ్మున మోగుతూ వచ్చింది.

"తప్పకుండా వస్తానమ్మా. పండగ పూట రాకపోతే ఎలా?"

నేను ఎట్ల ఉరికిన్నో నాకు తెల్వది. ఒక చెప్పు గల్లీలనే ఉండిపోయింది.

ఇంట్ల కూసొని ఆలోచిస్తే రెండు సంగతులు తేలినయి. ఒకటి, సైతాన్ పండుగనాడే వస్తడు. రెండు, ఆయన ఆంధ్ర దిక్కు మాట్లాడుతడు. మా ఇంటి పక్క పోర్షన్ల ఆ ఏడాదే కోస్తా నుంచి ఒక ఆంటీ, అంకుల్ కిరాయికి దిగిన్రు. అంకుల్ శేరిగూడ దిక్కు ఏదో కాలేజీల ఆఫీసు పని చేస్తుండె. పొద్దుగాల నేను లేవకముందు బండి మీద పోతుండె, చీకటి పడ్డంక ఇంట్లకు వస్తుండె. నాకు ఆయన మొఖం కన్న ఆయన హెల్మెట్ ఎక్కువ తెలుసు. ఆంటీ మాత్రం అమ్మీ దగ్గరికి జాకెట్ల కోసం వస్తుండె, ఆమె మాట ఇట్లనే "వస్తాను, వెళ్తాను" అని సాగుతుండె. సైతాన్ ఏ భాష మాట్లాడుతడని దాదిని అడిగిన. అన్ని భాషలు వస్తయి, ఎవరిని ఏ మాటతోటి మోసం చేయాల్నో ఆ మాట మాట్లాడుతడని చెప్పింది. అయితే ఆంటీ వాళ్లను చూసే నేర్చుకున్నడని లెక్క తేల్చుకున్న.

మిగిలిన దినాలు నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. పకోడీలు బంద్ చేద్దామంటే కోపంతోటి వస్తడేమో. అందుకని ఇంకా ఎక్కువ పెట్టుకుంట పోయిన, గేటు దగ్గర మాత్రం నిలబడలే. పండుగ పాయసం షీర్ ఖుర్మా ఈసారి చేయొద్దని అమ్మీని బతిమాలిన, కడుపునొప్పి లేస్తదని చెప్పిన. అమ్మీ నా నుదురు పట్టుకొని చూసి మళ్ల మిషన్ తొక్కుకున్నది. సైతాన్ ఇంట్లకు రాకుండ ఏం చదవాలని దాదిని అడిగితే ఆయతుల్ కుర్సీ అన్నది. అది ఖురాన్‌ల ఉంటది, పెద్దది. అంతకు ముందు దాది ఎంత బెదిరించినా మొదటి వాక్యం దాటని దాన్ని నేను పండుగలోపట మొత్తం అప్పజెప్పిన. దాది కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గల్లీల కనపడ్డ ప్రతి ఒక్కళ్లకూ నా మనవరాలికి దీన్ మీద ఎంత ధ్యాసనో అని చెప్పుకున్నది. నేను అది చదివి తలుపుల మీద, కిటికీల మీద, ఆఖరికి నల్లా పైపు మీద కూడ ఊదుకుంట తిరిగిన.

ఒక్క దిక్కే నమ్ముకుంటే చాలదని ఆంటీ దగ్గరికి కూడ పోయిన. రావద్దన్నోళ్లు ఇంటికి వస్తామంటే మీ దిక్కు ఏం చేస్తరని అడిగిన. ఆంటీ చుట్టాల సంగతి అనుకున్నదో ఏమో, నవ్వి, గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కడతామన్నది, ఒకటి గుచ్చి ఇచ్చింది కూడ. నేను దాన్ని మా గుమ్మానికి కట్టిన. దాది చూసి తెంపింది. నిమ్మకాయ షర్బత్‌ల పిండింది, మిరపకాయలు పకోడీలల్ల వేయించింది. ఆ పకోడీలు కూడ గేటు కిందికే పోయినయి.

పండుగ రానే వచ్చింది. కొత్త బట్టలు వేసుకున్నా నాకు సంతోషం లేదు. అబ్బా ఈద్గా నుంచి వచ్చిండు, అమ్మీ షీర్ ఖుర్మా గిన్నెలల్ల పోసింది. నేను గుమ్మం దిక్కే చూస్తున్న. పగటీలికి జర ముందు, తెల్లంగి వేసుకొని, తల దువ్వుకొని ఒకాయన గుమ్మంల నిలబడ్డడు. చేతుల స్వీట్ల డబ్బా. వెనక ఆంటీ. హెల్మెట్ లేకుండ ఆయన్ను చూడడం నాకు అదే మొదటిసారి.

"వస్తానన్నాను కదమ్మా, వచ్చాను," అన్నడు నన్ను చూసి.

గదే గొంతు. చేతికి గదే గడియారం. నేను మంచం కిందికి దూరిన. అక్కడి నుంచి ఆయతుల్ కుర్సీ గట్టిగ అందుకున్న. భయానికి మధ్యల ఒక ముక్క పోయింది, మళ్ల మొదటి నుంచి మొదలువెట్టిన.

పైన ఏమైతున్నదో నాకు కాళ్లే కనపడుతున్నయి, మాటలే వినపడుతున్నయి. సిగ్గుపడుతుందని అబ్బా సర్దిచెప్పిండు. అంకుల్ కూసొని, దాదికి దండం పెట్టి, మామ్మగారూ, నెలంతా మీరు పంపిన పలహారం ఈ జన్మలో మర్చిపోనండి అన్నడు. దాదికి అర్థం కాలే. అంకుల్ విడమరిచి చెప్పిండు. గల్లీ చివరి ఇల్లు వాళ్ల తోడల్లునిది. ఆయన పట్నంల ఉంటడు. ఈ మధ్యనే పని మళ్ల షురువు చేసి లేపిన కొత్త గోడలకు నీళ్లు పట్టే పని ఈయనకు అప్పజెప్పిండు. రోజూ కాలేజీ నుంచి రాంగనే అటు పోయి, కుక్కలు రాకుండ లోపల నుంచి గేటుకు గొలుసు వేసుకొని, మోటర్ పెట్టి పైపుతోటి గోడలు తడుపుతుండె. మొదటి సాయంత్రం పాప గిన్నె పెట్టి పోతే, రంజాన్ నెలల పక్కింటోళ్లకు పంపే ఆనవాయితీ అనుకున్నడు. మొన్నీమధ్య పాపే పండుగకు రమ్మని పిలిచిందని కూడ చెప్పిండు. మోటర్ చప్పుడుల నా మాటల్ల ఆయనకు వినపడ్డది పండుగ, మా ఇల్లు, రా. చివరి 'కు' అన్న ముక్క పైపు నీళ్లల్ల కొట్టుకపోయింది.

దాది వంగి మంచం కిందికి చూసింది. "కట్టేసి ఉన్నోళ్లకు పెడుతున్న అన్నవ్. ఎవరికి పెట్టినవ్ బేటీ?"

"సైతాన్‌కు," అన్న.

ఇగ దాచి లాభం లేదని, మంచం కింది నుంచే అంతా చెప్పిన. గొలుసు, బుస్సు, గిన్నె కడుగుడు, గడియారం, ఒప్పందం అన్నీ. చెప్తుంటే దాది తౌబా తౌబా అనుకుంట ఓణీ మొఖానికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తున్నదేమో అనుకున్న. భుజాలు ఊగుతుంటే నవ్వని తెలిసింది. అబ్బా మాత్రం పాపం అంకుల్ మొఖం చూడలేక గోడ దిక్కు తిరిగి ఫ్యాన్ రెగ్యులేటర్ సవరించిండు. అది మంచిగనే ఉండె.

అంకుల్ నెమ్మదిగ, నన్ను చాలామంది చాలా అన్నారు కానీ అన్నడు. మాట పూర్తి చేయలే. ఎందుకంటే అప్పుడే ఆంటీ అందుకున్నది. ఆమెకు సైతాన్ ముచ్చటతోటి పని లేకుండె.

"ఉల్లిపాయ పకోడీలా?" అని అడిగింది.

అప్పుడు బయటపడ్డది అసలు కథ. అంకుల్‌కు మోకాలి నొప్పి. అది తగ్గాలని ఆంటీ వాళ్ల ఊరి అమ్మవారికి మొక్కుకున్నది. మండలం దినాలు ఇంట్ల ఇద్దరూ ఉల్లి, వెల్లుల్లి ముట్టకూడదు. ఆంటీ నిష్ఠగ ఉన్నది. మోకాలు మాత్రం ఇంచు కూడ తగ్గలే. ఎక్కడ లోపం జరిగిందో అని ఆమె ఊర్లె వాళ్లమ్మకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నది.

చీకట్లో తిన్నాను, సరిగ్గా చూసుకోలేదని అంకుల్ అన్నడు.

"వాసన కూడా చీకట్లో కనపడలేదా అండీ?" అన్నది ఆంటీ. తర్వాత మంచం దిక్కు వంగి నాతోటి చాన ప్రేమగ చెప్పింది. "బయటికి రా పాపా. నువ్వేం తప్పు చేయలేదు. నువ్వు సరిగ్గానే గుర్తుపట్టావు."

నేను బయటికి వచ్చిన, కని అంకుల్‌కు దూరంగ దాది పక్కన నిలబడ్డ. అమ్మీ అందరికీ షీర్ ఖుర్మా ఇచ్చింది. ఆంటీ దాంట్ల ఉల్లి లేదు కదా అని రెండుసార్లు అడిగి తిన్నది. అంకుల్ తెచ్చిన డబ్బాల సున్నుండలున్నయి. ఒకటి నా చేతిల పెట్టబోతే తీసుకోవాల్నా వద్దా అని దాది దిక్కు చూసిన. ఆమె తలూపింది. తిన్న. అంత మంచి సున్నుండ నేను మళ్ల ఎక్కడా తినలే.

తింటుంటే నాకు అసలు అనుమానం వచ్చింది. ఆ ఇంట్ల ఉన్నది అంకుల్ అయితే మరి సైతాన్ ఎక్కడున్నడని అడిగిన. దాది నవ్వు ఆపుకొని సీదాగ జవాబిచ్చింది. నెల అయిపోయింది గద, ఈపాటికి విడిచిపెట్టి ఉంటరు, నీ పకోడీలు ఒక్కటి కూడ ఆయనకు అందలే, మంచి ఆకలి మీద ఉంటడు, జర చూసుకో అన్నది. ఆ రాత్రి నేను దాది పక్కలకు పోయి పండుకున్న.

తెల్లారి మాత్రం ఆమె నవ్వలే. తల దువ్వుకుంట, ఇంట్ల ఎవరూ లేనప్పుడు, నీ పుణ్యం ఎక్కడికీ పోలే బేటీ అని చెప్పింది. పకోడీల కోసం మొఖం వాచి ఉన్న మనిషికి పెట్టినవ్, చిరునామా తప్పైనా చేరాల్సినోని నోట్లకే చేరింది అని. నాకు మనసు తేలికైంది.

ఆంటీ తన మొక్కును మొదటి దినం నుంచి మళ్ల షురువు చేసింది. గోడలు తడపనీకి అంకుల్‌తోటి తనే పోయి గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూసునేది. ఈసారి మోకాలు నిజంగనే తగ్గిందట. మందు కూడ మార్చిన్రని అబ్బా అన్నడు కని, ఆ మాట ఆంటీ ముందట అనలే.

ఆ పండుగ తర్వాత ఆంటీ జాకెట్ల పని లేకున్నా పగటిపూట మా ఇంటికి వచ్చుడు అలవాటు చేసుకున్నది. ఒకనాడు దాదిని ఆమెనే అడిగింది, నిజంగా నెలంతా కట్టేస్తారా మామ్మగారూ అని. దాది అవ్ అన్నది. ఆంటీ, మా వైపు కలిపురుషుడని ఒకాయన ఉన్నాడండి, లోకంలో చెడంతా ఆయన పనే అని చెప్పింది. ఆయన్ను ఏ నెలల కట్టేస్తరని దాది అడిగింది.

"కట్టరండి. కలియుగం అయ్యేదాకా ఆయన్ని వదిలేశారు."

ఎన్ని దినాలుంటది కలియుగం అని దాది అడిగితే, లక్షల ఏళ్లండి, ఇప్పుడే మొదలైంది అన్నది ఆంటీ. దాది తస్బీ పక్కన పెట్టింది. ఆంటీ చెయ్యి పట్టుకున్నది.

"ఒక్క నెల కూడ కట్టెయ్యరా? చాన కష్టం బిడ్డా మీకు," అని, ఆమెకు గట్టిగ ఒక కప్పు చాయ్ పెట్టుకరమ్మని నన్ను లోపలికి తోలింది.